వారానికి మూడు బొమ్మలు, ఒక నోటుపుస్తకం: వెబ్‌కామిక్‌ను వెంట ఉండి చదివే పద్ధతి

అచ్చులో కాకుండా నేరుగా ఇంటర్నెట్‌లో వెలువడే బొమ్మల కథలను వెబ్‌కామిక్ అంటున్నాం. దినపత్రికలో వచ్చే కార్టూన్‌ను చూసి పేజీ తిప్పేసినట్టే వీటిని కూడా చూసి వదిలేయవచ్చు, ఎక్కువమంది అలాగే చూస్తారు కూడా. ఒకే వెబ్‌కామిక్‌ను పట్టుకుని, వచ్చిన ప్రతి బొమ్మనూ చదువుతూ, దాని మీద తమ ఆలోచనను నలుగురితో పంచుకుంటూ, ఆ రాతల్లోకి తమ అభిరుచులను కూడా తీసుకురావాలనుకునేవారి కోసం ఈ వ్యాసం రాస్తున్నాను. నేను చాలాకాలంగా ఎక్స్‌కేసీడీ (xkcd) అనే వెబ్‌కామిక్‌ను అలా చదువుతున్నాను. నా అభిరుచి ముగ్గులు వేయడం. ఈ రెండింటికీ పొంతన ఎక్కడ కుదిరిందో ముందు ముందు వివరంగా చెబుతాను. నేను నేర్చుకున్నవాటిలో అన్నింటికన్నా అవసరమైనది ఒకటుంది: ఒక బొమ్మ గురించి ఇతరులు ఇచ్చిన వివరణ చదవకముందే, మనకు ఏమి కనిపించిందో మన మాటల్లో రాసి పెట్టుకోవాలి. మిగతా పద్ధతులన్నీ దీనిమీదే నిలబడతాయి.

ముందుగా ఏ వెబ్‌కామిక్ ఎంచుకోవాలన్న ప్రశ్న వస్తుంది. క్రమం తప్పకుండా వచ్చేదీ, పాత బొమ్మలన్నీ ఉచితంగా, వరుస సంఖ్యలతో దొరికేదీ అయితే మంచిది. ఎక్స్‌కేసీడీకి ఈ రెండు గుణాలూ ఉన్నాయి. దీన్ని గీసే రాండల్ మన్రో భౌతికశాస్త్రం చదివి, నాసా వారి లాంగ్లీ పరిశోధనా కేంద్రంలో రోబోల విభాగంలో పనిచేసిన అమెరికన్. చదువుకునే రోజుల్లో నోటుపుస్తకాల్లో గీసుకున్న బొమ్మలను స్కాన్ చేసి, 2005 సెప్టెంబర్‌లో ఇంటర్నెట్‌లో పెట్టడంతో ఇది మొదలైంది. అప్పటి నుంచి సోమ, బుధ, శుక్రవారాల్లో కొత్త బొమ్మ వస్తోంది, ఇప్పటికి వాటి సంఖ్య మూడు వేలు దాటింది. మనుషులను గుండ్రటి తల, నాలుగు గీతలతో గీస్తారు, ముఖంలో కళ్లూ ముక్కూ కూడా ఉండవు. గణితం, భౌతికశాస్త్రం, కంప్యూటర్లు, భాష, ప్రేమ ఇందులో తరచుగా వచ్చే విషయాలు. ఇంగ్లీషు ఓ మాదిరిగా వచ్చినవారు కూడా చదవగలరు, ఎందుకంటే ఒక్కో బొమ్మలో మాటలు తక్కువగా ఉంటాయి, తొందరపెట్టేవారు ఎవరూ ఉండరు.

మూడు వేల బొమ్మలు ఉన్నాయని తెలియగానే ఒకటో సంఖ్య నుంచి మొదలుపెట్టి వారం రోజుల్లో అన్నీ చదివేయాలనే ఉత్సాహం కలుగుతుంది. ఆ పని చేయవద్దని నా సలహా. అలా చదివినవారికి వెయ్యి బొమ్మల తరవాత ఏదీ విడిగా గుర్తుండదు. వచ్చే మూడు కొత్త బొమ్మలనూ వచ్చిన రోజునే చదవండి, పాతవాటిలోంచి వారానికి పది చొప్పున, వరుసగా, తీరిక ఉన్న ఒక పూట చదవండి. వరుసగా చదివేటప్పుడు 403 తరవాత 405 వస్తుంది. పేజీ దొరకనప్పుడు కంప్యూటర్ చూపించే సంఖ్య 404 కాబట్టి ఆ సంఖ్యతో బొమ్మ లేదు. మనం ఏదో పోగొట్టుకున్నామని వెతకనక్కరలేదు.

కొత్త బొమ్మ వచ్చిందో లేదో అని రోజుకు పదిసార్లు తెరిచి చూడటం కూడా మంచి అలవాటు కాదు. ఆర్‌ఎస్‌ఎస్ ఫీడ్ అనే పాత ఏర్పాటు ఒకటుంది. ఫీడ్ చదివే యాప్‌లో ఒకసారి చిరునామా చేర్చితే, కొత్తది వచ్చినప్పుడు అదే మన దగ్గరకు చేరుతుంది. ఎక్స్‌కేసీడీకి ఆ సదుపాయం ఉంది. సామాజిక మాధ్యమాల ద్వారా చదివితే బొమ్మతో పాటు ఇతరుల వ్యాఖ్యలు కూడా కంటబడతాయి, అప్పుడు మన సొంత చూపుకు అవకాశం ఉండదు. అమెరికా కాలమానం ప్రకారం వెలువడుతుంది కాబట్టి సోమవారపు బొమ్మ మనకు ఒక్కోసారి సోమవారం రాత్రికి, ఒక్కోసారి మంగళవారం ఉదయానికి అందుతుంది. నేను మంగళ, గురు, శనివారాల్లో ఉదయం కాఫీ తాగే సమయాన్ని దీనికి కేటాయించుకున్నాను.

చదవడంలో వరుస

ముందు బొమ్మను మాటలతో సహా నెమ్మదిగా చూడాలి. తరవాత బొమ్మ మీద మౌస్ బాణాన్ని కదలకుండా ఉంచితే ఒక అదనపు వాక్యం కనిపిస్తుంది. ప్రతి బొమ్మకూ ఇలాంటి దాగిన వాక్యం ఒకటి ఉంటుంది, చాలాసార్లు అసలు చమత్కారం అందులోనే ఉంటుంది. ఫోన్‌లో చదివేవారు మొబైల్ కోసం ఉంచిన రూపాన్ని తెరిస్తే, బొమ్మ దగ్గరే ఆ వాక్యాన్ని చూపించే లంకె ఉంటుంది. ఎవరో పంపిన స్క్రీన్‌షాట్ మీద ఆధారపడి చదివితే ఈ వాక్యం మనకు చేరదు, అందుకే ఎప్పుడూ అసలు చోటికి వెళ్లి చదవాలి.

ఆ తరవాత నోటుపుస్తకం తెరవాలి. కంప్యూటర్‌లో రాసుకున్నా తప్పులేదు కానీ కాగితం మీదైతే బొమ్మలోని ఒక గీతను మనం కూడా గీసి చూడవచ్చు, గీస్తే తప్ప కనిపించని విషయాలు కొన్ని ఉంటాయి. ప్రతి బొమ్మకూ సంఖ్య, తేదీ వేసి, మూడు సంగతులు రాస్తాను: నాకు ఏమి కనిపించింది, ఏమి అర్థం కాలేదు, నాకు తెలిసినదానిలో ఇది దేన్ని గుర్తు చేసింది. మూడోది రాయలేకపోతే ఖాళీగా వదిలేస్తాను. పది బొమ్మల్లో ఏడింటికి అది ఖాళీగానే ఉంటుంది, అలా ఉండటం సహజం. బలవంతంగా పోలిక తెచ్చి నింపితే, తరవాత చదువుకున్నప్పుడు ఆ పోలిక మనకే రుచించదు.

ఇదంతా అయ్యాకనే ఇతరుల వివరణ చూడాలి. ఎక్స్‌కేసీడీలోని ప్రతి బొమ్మకూ పాఠకులే కలిసి వివరణ రాసే ఎక్స్‌ప్లెయిన్ ఎక్స్‌కేసీడీ అనే వికీ ఉంది. అమెరికన్ టీవీ ప్రకటనలు, కంప్యూటర్ భాషల సంగతులు, అక్కడి ఎన్నికల పద్ధతి మనకు తెలియవు కాబట్టి అది ఎంతో ఉపయోగపడుతుంది. దాన్ని ముందే చదివితే మాత్రం మన పుస్తకంలోకి వారి వాక్యాలే అనువాదమై చేరతాయి. వివరణ చదివిన తరవాత తెలిసిన విషయాన్ని వేరే రంగు సిరాతో రాసుకోవడం నా అలవాటు. ఆరు నెలల తరవాత తిరగేస్తే, నాకై నేను చూసినదేమిటో, చెబితే తెలిసినదేమిటో స్పష్టంగా కనిపిస్తుంది.

మరో జాగ్రత్త కూడా ఉంది. 2012 ఏప్రిల్ 1న వచ్చిన 1037వ బొమ్మ చూసేవారు ఉన్న ప్రాంతాన్ని బట్టి, వాడుతున్న బ్రౌజర్‌ను బట్టి వేరు వేరుగా కనిపించింది. అందుకని మనం చూసినదాన్ని మాటల్లో వర్ణించి రాసుకోవడం అవసరం, ‘అందరికీ తెలిసిందే కదా’ అని వదిలేయకూడదు.

నిదానంగా కదిలే కథ

వెంట ఉండి చదవడమంటే ఏమిటో 1190వ సంఖ్య నేర్పినంతగా నాకు మరేదీ నేర్పలేదు. దాని పేరు ‘టైమ్’. అమెరికా తూర్పు తీరంలో 2013 మార్చి 25 అర్ధరాత్రి, అంటే మనకు ఉదయం తొమ్మిదిన్నరకు అది వెలువడింది. సముద్రతీరంలో కూర్చున్న ఒక స్త్రీ, ఒక పురుషుడు: మొదటి బొమ్మలో ఉన్నది అంతే. దాగిన వాక్యం కాస్త వేచి ఉండమని చెప్పింది. అరగంట తరవాత మళ్లీ తెరిచినవారికి బొమ్మ కొద్దిగా మారి కనిపించింది. మార్చి 30 వరకు అరగంటకొకసారి, ఆ తరవాత గంటకొకసారి మారుతూ, జూలై 26న 3099వ ఫ్రేముతో ముగిసింది. గంటల తరబడి ఇద్దరూ ఇసుక గూళ్లు కట్టుకోవడం తప్ప ఏమీ జరగదు. ఆ నాలుగు నెలలూ రాత్రింబవళ్లు కాచుకుని చూసినవారు ఉన్నారు. మరుసటి ఏడాది ఈ కథకు బొమ్మల కథల విభాగంలో, సైన్స్ ఫిక్షన్ రచనలకు ఇచ్చే హ్యూగో పురస్కారం వచ్చింది.

ఇక్కడి నుంచి ఒక పేరా వరకు కథ గుట్టు చెబుతున్నాను. స్వయంగా చదవదలచినవారు దాన్ని దాటి వెళ్లవచ్చు. సముద్రం కొంచెం కొంచెంగా పైకి వస్తోందని గమనించి, ఎందుకు పెరుగుతోందో తెలుసుకోవడానికి ఆ ఇద్దరూ బయలుదేరతారు. వారు నిలుచున్నది ఎండిపోయిన మధ్యధరా సముద్రపు అడుగుభాగమనీ, అందులోకి తిరిగి నీరు వస్తోందనీ చివరికి తెలుస్తుంది. కొన్ని ఫ్రేముల్లో రాత్రి ఆకాశం కనిపిస్తుంది. నక్షత్రాలు చూడటం అభిరుచిగా ఉన్న పాఠకులు వాటి స్థానాలను బట్టి, ఈ కథ సుమారు పదకొండు వేల సంవత్సరాల తరవాత జరుగుతోందని లెక్కగట్టారు. దారిలో ఎదురైన మనుషులు మాట్లాడే భాషకు కల్పించిన లిపి ఉంది. భాషల మీద ఆసక్తి ఉన్నవారు దాన్ని విప్పడానికి పూనుకున్నారు.

ఈ సంగతిలో గమనించవలసినది ఏమిటంటే, కథ ఏ కాలానిదో తేల్చడానికి కామిక్‌ల గురించిన పరిజ్ఞానం సరిపోలేదు. డాబా మీద నిలబడి నక్షత్రాలు చూసిన అనుభవం కావలసి వచ్చింది. ‘బొమ్మ గురించి రాసే చోట నా అభిరుచి గురించి రాయడం విషయం తప్పడం అవుతుందేమో’ అని నేను చాలాకాలం సందేహించాను. ‘టైమ్’ చదివాక ఆ సందేహం తీరింది. మనకు లోతుగా తెలిసిన పని ఏదైనా సరే, అది వంట కావచ్చు, నేత కావచ్చు, చేపలు పట్టడం కావచ్చు, దాని వైపు నుంచి చూస్తేనే బొమ్మలో ఇతరులకు కనిపించనిది మనకు కనిపిస్తుంది.

నేను ‘టైమ్’ను అది వెలువడిన రోజుల్లో చదవలేదు, ఆ తరవాత పాఠకులు వరుసగా పేర్చిన ఫ్రేముల్లో చదివాను. ఒక్కసారిగా సినిమాలా తిప్పి చూస్తే అది కొన్ని నిమిషాల్లో అయిపోతుంది. రోజుకు నలభై ఫ్రేములకు మించి చూడకూడదని నియమం పెట్టుకుంటే 78 రోజులు పట్టింది. మీకూ అలాగే చదవమని చెబుతాను. ఇలాంటి కథ గురించి పంచుకునేటప్పుడు పైన నేను చేసినట్టు, గుట్టు చెప్పబోతున్నామని ముందుగా ఒక వాక్యం రాయడం, శీర్షికలో మాత్రం గుట్టు పెట్టకపోవడం పాఠకుల పట్ల మర్యాద.

అభిరుచి వైపు నుంచి రాయడం

ఒక ఉదాహరణను దగ్గరగా చూపిస్తాను. 2009 నవంబర్‌లో వచ్చిన 657వ బొమ్మ ఒక పెద్ద పటం. సినిమాల్లోని పాత్రలను ఎడమ నుంచి కుడికి పోయే గీతలుగా చూపారు. ఇద్దరు ఒకే చోట ఉంటే వారి గీతలు దగ్గరవుతాయి, విడిపోతే దూరమవుతాయి, చనిపోతే గీత అక్కడే ఆగిపోతుంది. పన్నెండుమంది జ్యూరీ సభ్యులు ఒకే గదిలో కూర్చుని వాదించుకునే సినిమాకు పన్నెండు గీతలు పక్కపక్కనే తిన్నగా సాగుతాయి. కాలంలో వెనక్కి వెళ్లే మరో సినిమాకు గీతలు చిక్కుపడిన దారపు ఉండలా ఉంటాయి. నా పుస్తకంలో ఆ రోజు ఇలా ఉంది: ‘కనిపించినది: గీతలు కలిసి నడవడం, విడిపోవడం. అర్థం కానిది: చివరి మూలలోని చిక్కు. గుర్తు చేసినది: మెలికల ముగ్గు. కానీ ముగ్గులో గీత చుక్క చుట్టూ తిరిగి మొదటికి వస్తుంది, ఇక్కడ తిరిగి రాదు.’

ఈ నాలుగు ముక్కల నుంచి రెండు పనులు పుట్టాయి. మొదటిది, అరణ్యకాండకు అటువంటి పటం గీయడం. పంచవటిలో రాముడు, సీత, లక్ష్మణుడు అనే మూడు గీతలను ఒకదాని పక్కన ఒకటిగా నడిపించాను. మారీచుడి గీత దగ్గరకు వచ్చి రాముడి గీతను పక్కకు లాగుతుంది, కొంత దూరంలో తాను ఆగిపోతుంది. ఆ కేక విన్నాక లక్ష్మణుడి గీత కూడా వెళ్లిపోతుంది. ఒంటరిగా మిగిలిన సీత గీత దగ్గరకు రావణుడి గీత వచ్చి, రెండూ దక్షిణం వైపు సాగుతాయి. అప్పుడు జటాయువు గీత అడ్డంగా వచ్చి ఆ జంటను తాకి వెనక్కి పడి, వెతుక్కుంటూ వచ్చిన అన్నదమ్ముల గీతలను కలుసుకుని, అక్కడ ఆగుతుంది. ఇక్కడ విడిపోయిన రెండు గుంపులనూ తాకిన గీత అదొక్కటే. చిన్నప్పటి నుంచి వింటున్న కథే అయినా, జటాయువు ఆ కథలో చేస్తున్న పని ఏమిటో నాకు పెన్సిల్ ఆ రెండో గుంపు దగ్గరకు చేరినప్పుడు అర్థమైంది.

రెండోది పూర్తిగా ముగ్గుకు సంబంధించినది. మెలికల ముగ్గు ఒకే గీతతో పూర్తవుతుందా, మధ్యలో చేయి ఎత్తవలసి వస్తుందా అనేది మా అమ్మమ్మ చుక్కలు పెట్టగానే చెప్పేసేది. బొమ్మలో గీతలు లెక్కపెట్టిన చేత్తోనే ముగ్గుల్లో కూడా లెక్కపెట్టడం మొదలుపెట్టాను. చుక్కలను దీర్ఘచతురస్రంగా పెట్టి, గీతను చుక్కల మధ్యగా ఏటవాలుగా నడిపి, అంచుల దగ్గర మాత్రమే వంపు తిప్పే సాదా ముగ్గును తీసుకోండి. మూడు వరుసల్లో నాలుగేసి చుక్కలైతే ఒకే గీతతో ముగ్గంతా పూర్తవుతుంది. నాలుగు వరుసల్లో ఆరేసి పెడితే రెండు విడి గీతలు కావాలి. మూడు వరుసల్లో మూడేసి అయితే మూడు కావాలి. వరుసల సంఖ్యకూ వరుసలోని చుక్కల సంఖ్యకూ ఉన్న గ.సా.భా. (రెండింటినీ శేషం లేకుండా భాగించే అతి పెద్ద సంఖ్య) ఎంతో, ముగ్గుకు అన్ని గీతలు పడతాయి. బడిలో నేర్చుకుని మరిచిపోయిన గ.సా.భా. వాకిట్లో పిండితో కనిపించినప్పుడు కలిగిన సంతోషాన్ని నేను రాయకుండా ఉండలేకపోయాను, ఆ రాతకు వచ్చినన్ని ఉత్తరాలు నా మరే రాతకూ రాలేదు.

ఇలాంటి రాతను కూర్చేటప్పుడు ఒక వరుస పాటిస్తే చదివేవారికి సులువు. మొదట బొమ్మ సంఖ్య చెప్పి, చూడనివారికి కూడా అర్థమయ్యేలా రెండు మూడు వాక్యాల్లో వర్ణించాలి. తరవాత మనకు కలిగిన ఆలోచన ఒక్కటే చెప్పాలి. ఆ తరవాతే మన అభిరుచిలోకి వెళ్లాలి, వెళ్లాక అక్కడే నిలవాలి. ప్రతి పేరాలోనూ బొమ్మ దగ్గరకు తిరిగి పరుగెత్తనక్కరలేదు. ప్రతి బొమ్మకూ ఒక రాత రాయాలనే పట్టుదల కూడా వద్దు. మూడు బొమ్మలు చదివిన వారంలో ఒక రాత వస్తే చాలు, ఏమీ రాని వారాలు ఉంటాయి.

తప్పు రాసినప్పుడు

2011 ఆగస్టులో వచ్చిన 936వ బొమ్మ పాస్‌వర్డ్‌ల గురించి. అక్షరాల మధ్య అంకెలూ గుర్తులూ ఇరికించి మనం గుర్తుపెట్టుకోలేకుండా తయారుచేసే పాస్‌వర్డ్ కన్నా, పొంతన లేని నాలుగు మామూలు మాటలను పక్కపక్కన పెడితే అది ఊహించడానికి ఎక్కువ కష్టమని అందులో లెక్క వేసి చూపారు: మొదటిదానికి 28 బిట్లు, రెండోదానికి 44. ఊహించడం ఎంత కష్టమో కొలిచే లెక్క బిట్టు, ఒక్క బిట్టు పెరిగితే కష్టం రెట్టింపవుతుంది. నేను దాన్ని చదివి, పొడవు పెరగడం వల్లే బలం వచ్చిందని అర్థం చేసుకుని, వేమన పద్యంలోని మొదటి నాలుగు మాటలు పాస్‌వర్డ్‌గా పెట్టుకుంటే తెలుగువారికి ఎంతో బాగుంటుందని రాశాను. అది తప్పు, పైగా నమ్మి పాటించినవారికి హాని చేయగల తప్పు. ఆ 44 బిట్ల బలం పొడవు నుంచి రాలేదు. దాదాపు రెండు వేల మాటల జాబితా నుంచి ప్రతి మాటనూ చీటీ తీసినట్టు ఎంచుకోవడం నుంచి వచ్చింది. 2048 మాటల్లో ఒకదాన్ని అలా ఎంచితే 11 బిట్లు, నాలుగింటికి 44. అందరికీ నోటికి వచ్చిన పద్యంలో ఒక మాట తరవాత ఏ మాట వస్తుందో ముందే తెలుసు కాబట్టి అక్కడ ఎంపిక అన్నదే లేదు.

ఒక పాఠకురాలు ఈ తప్పును ఎత్తి చూపారు. అప్పుడు చేసిన పనినే మీకూ సూచిస్తాను. పాత రాతను మాయం చేయకుండా, పైభాగంలో తేదీ వేసి, ఏది తప్పో, ఏది సరైనదో రెండు వాక్యాల్లో రాయాలి. తప్పు చెప్పినవారికి కృతజ్ఞత తెలపాలి, వారు ఒప్పుకుంటేనే పేరు ప్రస్తావించాలి. తరవాత నోటుపుస్తకంలో ఆ బొమ్మ పేజీ తీసి, ఏ వాక్యాన్ని తొందరగా దాటేశామో వెతకాలి. నా విషయంలో, మాటలు యాదృచ్ఛికంగా ఎంచుకోవాలన్న విశేషణం బొమ్మలోనే ఉంది, నా మొదటి పఠనంలో దాన్ని నేను రాసుకోలేదు.

బొమ్మను తిరిగి పెట్టడం, తెలుగులోకి తేవడం

ఎవరి బొమ్మనైనా మన రాతతో పాటు పెట్టే ముందు వారి షరతులు చదవాలి. ఎక్స్‌కేసీడీ బొమ్మలు క్రియేటివ్ కామన్స్ వారి లైసెన్స్ కింద వెలువడుతున్నాయి. గీసినవారి పేరు చెప్పి, వ్యాపారం కోసం కాకుండా ఉన్నంతవరకు వాటిని నకలు తీసుకోవచ్చు, పంచుకోవచ్చు, మార్చి వాడుకోవచ్చు. అనువాదం కూడా మార్పు కిందకే వస్తుంది కాబట్టి తెలుగులోకి తేవడానికి అడ్డు లేదు. టీషర్టుల మీద వేసి అమ్మడానికి మాత్రం వీల్లేదు. ఇతర వెబ్‌కామిక్‌లకు ఇంత ఉదారమైన షరతులు ఉండాలని లేదు. ఏమీ రాసి లేకపోతే అన్ని హక్కులూ గీసినవారివేనని భావించి, బొమ్మకు బదులు లంకె ఇచ్చి, మన మాటల్లో వర్ణించాలి.

తెలుగు చేయడం గొప్ప అభ్యాసం. 327వ బొమ్మలో బడి నుంచి ఒక తల్లికి ఫోన్ వస్తుంది. ఆమె కొడుక్కి పెట్టిన పేరులో డేటాబేస్‌కు, అంటే కంప్యూటర్‌లో వివరాలు దాచే పట్టికలకు, ఆదేశంగా పనిచేసే గుర్తులు, మాటలు ఉన్నాయి. దాన్ని నమోదు చేయగానే ఆ ఏటి విద్యార్థుల వివరాలన్నీ చెరిగిపోయాయి. తెలుగులో పెట్టబోతే మొదటి చిక్కు కంప్యూటర్ మాటల్లో రాదు, మర్యాదలో వస్తుంది. బడివారు తల్లితో ‘మీ అబ్బాయి’ అంటారు, తల్లి ‘మావాడు’ అంటుంది. ‘మీరు’, ‘వాడు’ అనే ఈ రెండు మాటలతోనే ఇంగ్లీషులో లేని దూరం, దగ్గరితనం బొమ్మలోకి వచ్చేస్తాయి. ‘వాడు ఏమైనా పగలగొట్టాడా అండీ?’ అని తల్లి అడిగితే సహజంగా ఉంటుంది. కొడుకు పేరును మాత్రం ముట్టుకోకూడదు, ఆ గుర్తులు ఉన్నవి ఉన్నట్టు ఉంటేనే చమత్కారం నిలుస్తుంది. దాగిన వాక్యాన్ని బొమ్మ కింద విడిగా రాయాలి. అనువాదం మనదని, అసలు బొమ్మ ఎవరిదని, దాని సంఖ్య ఎంతని తప్పకుండా తెలపాలి.

ఇంటి సంగతులు పంచుకునేటప్పుడు

అభిరుచి గురించి రాస్తున్నామంటే ఇంటి గురించి రాస్తున్నట్టే. ముగ్గుల వంటి వాటిలో ఇది మరీ నిజం, ఎందుకంటే ముగ్గు ఉండేది వాకిట్లో. నేను మొదట్లో పెట్టిన ఒక ఫొటోలో ముగ్గు వెనక గేటు, గేటు మీద ఇంటి నంబరు, పక్కింటివారి బండి నంబరు స్పష్టంగా కనిపిస్తున్నాయని మా చెల్లెలు చెప్పేదాకా నేను చూసుకోలేదు. ఇప్పుడు ఫొటోను నిలువుగా పైనుంచి, చుక్కలూ గీతలూ తప్ప గడప కూడా కనిపించకుండా తీస్తున్నాను. ఫోన్ కెమెరా ఫొటోతో పాటు తీసిన చోటును కూడా నమోదు చేయగలదు కాబట్టి, సెట్టింగులలో ఆ ఏర్పాటును ఆపి ఉంచాను. రోజూ తెల్లవారుజామున ఒకే వేళకు వాకిట్లో ఉంటానని ఎవరికీ తెలియకుండా ఉండాలని, వేసిన వెంటనే పెట్టకుండా, వారం తరవాత పెడతాను. పిల్లలు పక్కన నిలబడి రంగులు నింపుతున్న ఫొటోలు ఇంట్లోనే ఉంచుతాను. అమ్మమ్మ గురించి రాసినప్పుడు ఆమె పేరు, ఊరు రాయలేదు. చుక్కలు చూసి చెప్పే ఆమె నేర్పు గురించి మాత్రం రాశాను, పంపే ముందు దాన్ని ఆమెకు చదివి వినిపించాను. నాలుగు వరుసల్లో ఆరేసి చుక్కలకు రెండు గీతలు పడతాయన్న చోట ఆమె ఆపి, పిండి తెమ్మని, నేల మీద వేసి చూసుకున్న తరవాతే సరేనన్నారు.